ఫిన్‌బోగి, ఎలుగుబంటి చొక్కా

మా ఊళ్లో ఎవరైనా ఎదురైతే "బాగున్నావా" అంటారు. ఫిన్‌బోగి అనడు. ఆయనకి డెబ్బై నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఆయన ఆ ప్రశ్న ఎవరినైనా అడిగాడని నేను వినలేదు. మంచులో టోపీ సర్దుకుంటూ దగ్గరికి వచ్చి, కళ్లు చిన్నవి చేసి, "బెర్సెర్క్ అంటే ఏమిటంటావు?" అని అడుగుతాడు. మీరు ఏం చెప్పినా సరే, ఆయన ముఖం వెలిగిపోతుంది. "అక్కడే నువ్వు పొరబడ్డావు" అంటాడు. ఇక ఆ పూటకి మీకు వేరే పని ఉండదు.

ఆ మాట ఉత్తరాన మంచు సముద్రంలో ఉన్న మా దీవి పాత భాషది. వెయ్యేళ్ల కిందట యుద్ధం అనగానే పూనకం వచ్చి ఊగిపోయే వీరులుండేవారట. డాలు అంచులు కొరికేవారు, ఊళలు వేసేవారు, నిప్పూ ఇనుమూ వాళ్లనేమీ చెయ్యలేవని జనం నమ్మేవారు. పూనకం దిగాక మాత్రం తడిగుడ్డలా పడి ఉండేవారు. వాళ్లే బెర్సెర్కులు. మాట చివర ఉన్న 'సెర్క్' అంటే చొక్కా. అందులో తగవు లేదు. తగవంతా ముందున్న 'బెర్' దగ్గరే. అది ఎలుగుబంటి అయితే వాళ్లు ఎలుగుతోలు తొడుక్కున్నవాళ్లు. అది బోసి అయితే చొక్కా, కవచం ఏమీ లేకుండా రొమ్ము విరుచుకుని దూకినవాళ్లు. పండితులు తరాలుగా కొట్టుకుంటున్నారు, తేలలేదు. తేలకపోవడం వల్ల లాభపడింది ప్రపంచం మొత్తం మీద ఫిన్‌బోగి ఒక్కడే.

ఇది విని ఆయన కయ్యానికి కాలు దువ్వే రకం అనుకునేరు. మనిషి ఎండు చేపలా ఉంటాడు. బాతులంటే భయం. గొంతు పెంచి ఎరగడు. బడి బస్సు నడిపి రిటైరయ్యాడు, పెళ్లి చేసుకోలేదు, ఒక రేడియో, ఒక కాఫీ కుండ ఉన్నాయి. ఆయన జీవితంలో చేసిన యుద్ధం ఇదొక్కటే.

ఒకసారి ఆయన్ని పోలీసులు పట్టుకున్నారు. పోలీసులంటే ఒకడే. రాజధాని నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, మూడు సముద్రపు పాయలకీ తనే ఠాణా. కొండదారిలో ఫిన్‌బోగి కారు మరీ నెమ్మదిగా పోతోందని ఆపాడు.

"ఎందుకు ఆపానో తెలుసా?" అన్నాడు.

"తెలుసు. బెర్సెర్క్ సంగతి అడగడానికి" అన్నాడు ఫిన్‌బోగి.

కుర్రాడు అడగలేదు. అయినా జవాబు చెప్పాల్సి వచ్చింది. మాటల్లో పడి మంచు కురుస్తున్నది చూసుకోలేదు. గంటన్నర తర్వాత మంచు తోసే బండి వచ్చి ఇద్దర్నీ తవ్వి బయటికి తీసింది. అప్పటినుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం పోలీసు కారు ఫిన్‌బోగి ఇంటిముందు ఆగి ఉంటుంది. ఊరికి కొత్తవాళ్లు ఆ ఇంట్లో ఎవరో పెద్ద నేరస్తుడు ఉన్నాడనుకుంటారు.

మీరెక్ కథ వేరు. అతను పోలండ్ నుంచి మా చేపల కర్మాగారంలో పనికి వచ్చాడు. ఎనిమిదేళ్ల కిందట వచ్చినప్పుడు మా భాష ఒక్క ముక్క రాదు. కర్మాగారం మీది గదిలో ఒక్కడే ఉండేవాడు. ఫిన్‌బోగి ఒకరోజు వెళ్లి చేపల పెట్టె మూత మీద బొగ్గుతో ఒక ఎలుగుబంటిని, ఒక చొక్కాని గీసి, మధ్యలో ప్రశ్నార్థకం పెట్టాడు. మీరెక్ మా భాష నేర్చుకోవడం అలా మొదలైంది. ఆరు నెలలకి అతనికి 'డాలు', 'కవచం', 'ఊళ', 'కొరుకుట' అనే మాటలు వచ్చేశాయి. 'ఉప్పు', 'రసీదు', 'ఎడమవైపు' మాత్రం ఇంకా రాలేదు. ఒకసారి నడుం పట్టేసి ఆసుపత్రికి వెళ్లి, ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక, "నిన్న నాకు పూనకం వచ్చింది. ఇవాళ తడిగుడ్డలా ఉన్నాను" అన్నాడు. నర్సు మా ఊరిదే కాబట్టి నడుముకి మందు రాసి పంపింది.

నా విషయానికొస్తే, ఫిన్‌బోగి నన్ను తొమ్మిదేళ్లప్పుడు పట్టుకున్నాడు. మా పొలం ఊరికి పద్దెనిమిది కిలోమీటర్లు. బడి బస్సులో అందరికంటే ముందు ఎక్కేదాన్ని, ఆఖర్న దిగేదాన్ని. ఆ ఏడు నేను బళ్లో మాట్లాడటం మానేశాను. పెద్ద కారణమేమీ లేదు. ఒకరోజు మాట్లాడలేదు, తర్వాత మళ్లీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. టీచర్లు, నర్సు, మా అమ్మ అందరూ మోకాళ్ల మీద కూర్చుని "బాగున్నావా బంగారం" అని అడిగేవారు. నేను తలూపేదాన్ని.

ఫిన్‌బోగి అద్దంలోంచి చూస్తూ, "ఏదీస్, బెర్సెర్క్ అంటే ఏమిటంటావు?" అన్నాడు.

నేను పలకలేదు.

"ఎలుగుతోలు చొక్కా. అంతే. ఇంకో మాట లేదు" అన్నాడు.

మా తాత చెప్పగా ఇంకో మాట ఉందని నాకు తెలుసు. నాలుగు కిలోమీటర్లు ఓర్చుకున్నాను. వంతెన దాటాక ఇక నావల్ల కాలేదు.

"చొక్కా లేనివాడని కూడా అంటారు" అన్నాను.

"అక్కడే నువ్వు పొరబడ్డావు" అన్నాడు ఆయన. ఆ తర్వాత ఆరేళ్లు బస్సు దిగేదాకా నా నోరు మూతపడలేదు. ఊళ్లో నన్ను ఇప్పటికీ మొహమాటస్తురాలంటారు. అది నిజమే. కానీ ఆ ఒక్క మాట ఎత్తితే మాత్రం నేనూ డాలు కొరుకుతాను.

ఒక ఏప్రిల్లో కొండవాలు మీద తెల్ల ఎలుగుబంటి కనిపించిందని కబురొచ్చింది. మంచుగడ్డల మీద కొట్టుకొచ్చే ఎలుగులు మాకు కొత్త కాదు. అందరూ తలుపులు వేసుకోవాలని రేడియోలో చెప్పారు. హెలికాప్టర్ వచ్చి చూస్తే, అది తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డిమోపు. ఎవరి పొలంలోంచో దొర్లి వచ్చింది. ఆ పొరపాటు మా వైపు నాలుగైదేళ్లకొకసారి జరుగుతుంది, మళ్లీ మళ్లీ నమ్ముతాం. ఆ సాయంత్రం ఫిన్‌బోగి నాకు ఫోన్ చేసి, "చూశావా, ఈ చలికి గడ్డిమోపు కూడా తోలు తొడుక్కుంది. నీ వీరుడు మాత్రం చొక్కా లేకుండా వెళ్లాడా?" అన్నాడు.

ఇలాంటివి చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. ఒక్క సంగతి మాత్రం అప్పట్లో ఎవరమూ గమనించలేదనుకున్నాను. ఇద్దరు కలిసి ఉన్నచోట ఫిన్‌బోగి ఈ మాట ఎత్తడు. ఈతకొలను పక్కన వేడినీటి తొట్టిలో ఆరుగురు కూర్చుని ఉంటే, ఆయన మెడదాకా మునిగి గాలి ఎటునుంచి వీస్తోందో చెబుతాడు, అంతే.

నేను రాజధానికి వెళ్లి సాహిత్యం ఎమ్మేలో చేరాను. సిద్ధాంత వ్యాసానికి ఏ విషయం తీసుకున్నానో చెప్పనక్కర్లేదు. అది రాసుకోవడానికని మొన్నటి శీతాకాలం ఇంటికి వచ్చాను. చేసిన తప్పు ఏమిటంటే, అంతకుముందు ఏడాది తోరి విందుకి కూడా సెలవు పెట్టి వచ్చాను.

తోరి విందంటే నడి చలికాలంలో ఊరంతా కలిసి తినే భోజనం. పుల్లబెట్టిన పొట్టేలు వృషణాలు, కాల్చిన గొర్రె తల, కంపుతో గది ఖాళీ చేయించే సొరచేప ఉంటాయి. తిండి అయ్యాక కమిటీవాళ్లు వేదిక ఎక్కి ఆ ఏడాది ఊళ్లో అందరూ చేసిన తెలివితక్కువ పనుల్ని ఆడి చూపిస్తారు. ఎవరినీ వదలరు. వెక్కిరిస్తే బాధపడేవాళ్లు లేరు. వెక్కిరించకపోతేనే ముఖం మాడ్చుకుంటారు. విందు చివర పాత కమిటీ కొత్త కమిటీ పేర్లు చదువుతుంది. చదివిన పేరు కాదనడానికి వీల్లేదు. ఒకప్పుడు మా పెద్దమ్మ కాదనడానికి ఊరే మారింది, కొత్త ఊళ్లో ఆ ఏడే కమిటీలో పడింది.

అలా ఆ ఏడాది విందులో నా పేరు చదివారు. కమిటీకి పెద్ద స్టెయినోల్ఫ్. ఊళ్లో సహకార దుకాణం నడుపుతాడు. మంచివాడు, ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం వినడు. ఎవరేం కొన్నారో అన్నీ గుర్తుంటాయి, ఎవరేం అన్నారో ఒక్కటీ గుర్తుండదు.

"నువ్వు చదువుకున్నదానివి. ఫిన్‌బోగి నాటిక నువ్వే రాయి" అన్నాడు నాతో. "ఊరంతా తిరిగి ఆయన వాదనలు పోగుచెయ్యి."

"ఆయన వాదన ఒకటేగా. ఎలుగుతోలు" అన్నాను.

"ఎలుగుతోలేమిటి? ఆయనది చొక్కా లేని వాదన. ఇరవై రెండేళ్లుగా నాతో అదే అంటున్నాడు. ఎలుగుతోలు అనేది నేను."

"లేదు. నాతో..."

"నీకు సరిగ్గా వినపడి ఉండదులే" అన్నాడు ఎవరి మాటా వినని స్టెయినోల్ఫ్.

నేను నోటుపుస్తకం పట్టుకుని బయల్దేరాను. మా చర్చి పాస్టరమ్మది చొక్కా లేని పక్షం. ఆవిడతో ఫిన్‌బోగి ఎలుగుతోలట. మీరెక్‌ది ఎలుగుతోలు పక్షం. అతనితో ఫిన్‌బోగి చొక్కా లేదంటాడట. పోలీసు కుర్రాడితో ఎలుగుతోలు. నెలకోసారి పక్క ఊరినుంచి వచ్చే పళ్ల డాక్టరు ఒకసారి ఫిన్‌బోగి నోట్లో రెండు ఇనుప పనిముట్లు, ఒక గొట్టం పెట్టి, ఇంతకంటే మంచి సమయం దొరకదని, "ఎలుగుతోలే. తోడేలు తోలు వీరులకి వేరే పేరుంది కదా, మరి ఎలుగుతోలు వాళ్లకి ఉండొద్దా?" అన్నాడట. మాట్లాడే వీలు లేక ఫిన్‌బోగి కుర్చీలో పడుకునే తన చొక్కా గుండీలు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాడట. మూడో గుండీకి డాక్టరు పని ఆపేశాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాళ్లని చూశాను. ఫిన్‌బోగి పట్టిన కుందేటికి మీరు మూడంటే నాలుగు, నాలుగంటే మూడు.

ఆఖర్న రాన్‌వేగ్ ఇంటికి వెళ్లాను. ఆవిడకి డెబ్బై ఒకటి. భర్త గీస్లి పన్నెండేళ్ల కిందట పడవతో సహా తిరిగి రాలేదు. కొండ కింద గొర్రెల పొలంలో ఒక్కతే ఉంటుంది. నేను వెళ్లేసరికి పదికి ఐదు నిమిషాలు తక్కువ. ఆవిడ బల్లమీద నాలుగు ఫైళ్లు, కళ్లజోడు, పెన్సిలు సర్దుకుని, జుట్టు దువ్వుకుని, ఫోను ముందు కూర్చుని ఉంది.

"కూర్చో. మాట్లాడకు. పదింటికి వాడు ఫోన్ చేస్తాడు" అంది.

పదింటికి మోగింది. నలభై నిమిషాలు ఆవిడ ఎలుగుబంటి వైపు నిలబడి పోరాడింది. ఆ గడ్డిమోపు ఆవిడ పొలానిదేనని అప్పుడు తెలిసింది. "నీ ఎలుగుబంటి కడుపులో గడ్డి తప్ప ఏముంది" అని ఆయన దెప్పుతుంటే, ఆవిడ ఫోను చెవికి దూరంగా పెట్టి నాకూ వినిపించింది. ఫోను పెట్టేశాక ఆవిడ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. లేచి గొర్రెలకి మేత వెయ్యడానికి వెళ్లింది.

ఆవిడకి ఈ సంగతి తెలిస్తే ఏమవుతుందని అప్పుడు నాకు భయం పట్టుకుంది. నాలుగు ఫైళ్లు. పన్నెండేళ్ల ఉదయాలు. అవతలివాడికి అసలు ఏ పక్షమూ లేదని వేదిక మీద ఊరందరి ముందూ బయటపడితే, మర్నాడు పదింటికి ఆవిడ దేనికోసం జుట్టు దువ్వుకుంటుంది?

స్టెయినోల్ఫ్ మాత్రం నా నోటుపుస్తకం చూసి ఎగిరి గంతేశాడు. "దొరికాడు. ఇన్నేళ్లకి దొరికాడు. ఒంటికి సగం ఎలుగుతోలు కట్టుకుని, సగం ఒట్టి ఒంటితో నేనే వేస్తాను ఆ వేషం."

"వద్దు" అన్నాను.

"ఏం?"

చెప్పాల్సింది చాలా ఉంది. "రాన్‌వేగ్ బాధపడుతుందేమో" అని మాత్రం అన్నాను.

"తోరి విందులో ఎవరైనా బాధపడతారా? ఫిన్‌బోగిని వదిలేస్తే ఆయనే బాధపడతాడు. ఇది గౌరవమమ్మాయ్."

అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను ఇంటికి వెళ్లి రెండు పక్షాల ముచ్చట లేకుండా, బస్సు అద్దం గురించీ పోలీసు గురించీ ఒక మెత్తని నాటిక రాసిచ్చాను. స్టెయినోల్ఫ్ దాన్ని చదివాడు. చదవడమంటే అతనికి వినడం లాంటిదే.

విందురోజు సాయంత్రం ఊరి హాల్లో రెండు వందల మంది ఉన్నారు. ఫిన్‌బోగి మూడో బల్ల దగ్గర కొత్త టై కట్టుకుని, తన వంతు కోసం ఆశగా కూర్చున్నాడు. రాన్‌వేగ్ ఎదురుగా గొర్రె తల ఒలుచుకుంటోంది. స్టెయినోల్ఫ్ వేదిక ఎక్కాడు. కుడి సగానికి పాత గొర్రెతోలు, ఎడమ సగానికి చలికి నీలం రంగు తిరిగిన ఒట్టి చర్మం. హాలంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఫిన్‌బోగే.

స్టెయినోల్ఫ్ నా నాటికలోని మొదటి మాట కూడా చెప్పలేదు. "ఫిన్‌బోగి ఎవరితో ఎలుగుతోలని వాదించాడో వాళ్లు చేతులెత్తండి" అన్నాడు. చాలా చేతులు లేచాయి. "చొక్కా లేదని ఎవరితో వాదించాడో వాళ్లు?" మిగతా చేతులు లేచాయి. "చూశారా. యాభై ఏళ్లుగా అందర్నీ మోసం చేసిన వీరుడు, ఏ పక్షమూ లేని బెర్సెర్కు, ఇడుగో."

నవ్వులు రాలేదు. ఎవరో ఒకరు దగ్గారు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఫిన్‌బోగి ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని, అందులో మనిషి లేడు. ఆయన రాన్‌వేగ్ వైపు చూశాడు. పళ్లేన్ని నెమ్మదిగా ముందుకి జరిపి, కోటు తీసుకుని, బాతుల్ని తప్పించుకుని నడిచినట్టు గోడవారగా బయటికి వెళ్లిపోయాడు.

"ఏమైందర్రా? నేను గౌరవంగానే..." అన్నాడు స్టెయినోల్ఫ్.

రాన్‌వేగ్ కత్తి కింద పెట్టింది. "స్టెయినోల్ఫ్, ముందు చొక్కా తొడుక్కో, జలుబు చేస్తుంది. ఆ సంగతి మాకు తెలుసు."

"ఏ సంగతి?"

"వాడికి పక్షం లేదన్న సంగతి. మీరెక్ నాకు పదకొండేళ్ల..." అని ఆగి లెక్క చూసుకుంది. "కాదు, వాడొచ్చి ఎనిమిదేళ్లేగా. వచ్చిన రెండో ఏడే చేపలు తెచ్చిచ్చి చెప్పాడు. అంతకుముందే పాస్టరమ్మ చెప్పింది."

"నాకు పోలీసు చెప్పాడు" అంది పాస్టరమ్మ.

"నాకు అందరూ చెప్పారు" అన్నాడు మీరెక్.

"అంటే అందరికీ తెలుసా?" అన్నాడు స్టెయినోల్ఫ్.

"తెలుసు. మాకు తెలుసన్న సంగతే వాడికి తెలియదు" అంది రాన్‌వేగ్.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది రాసుకోవడానికి నా దగ్గర పెన్ను లేదు, కానీ మర్చిపోలేదు. "గీస్లి పోయినప్పుడు ఊరి నుంచి నలభై మంది వచ్చి బాగున్నావా అని అడిగారు. నలభై మందికీ బాగున్నానని చెప్పి నలభై సార్లు తలుపేశాను. నలభై ఒకటోవాడు ఫిన్‌బోగి. గుమ్మంలో నిలబడి, బెర్సెర్కులకి చొక్కా లేదన్నాడు. ఇంట్లో మనిషి పోయినదాని ముందు మాట్లాడే మాటేనా అది? తలుపేద్దామనుకున్నాను. కానీ తప్పు కదా వాడన్నది. తప్పు అని చెప్పడానికి తలుపు తెరిచి ఉంచాల్సొచ్చింది. చలికి లోపలికి రమ్మనాల్సొచ్చింది. స్టెయినోల్ఫ్, నీతో ఎప్పుడు మొదలుపెట్టాడో గుర్తుందా?"

స్టెయినోల్ఫ్ గొర్రెతోలు పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదిపి లెక్కపెట్టాడు. ఇరవై రెండేళ్ల కిందట అతని భార్య పిల్లల్ని తీసుకుని రాజధానికి వెళ్లిపోయింది. అది ఊరందరికీ తెలుసు. అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. అతను అవతలివాళ్లు చెప్పింది విన్నట్టు కనిపించడం నేను అదే మొదటిసారి చూశాను.

"పాత చట్టంలో ఒక మాట ఉంది" అంది రాన్‌వేగ్. "పూనకం వచ్చినవాడికి మూడేళ్లు దేశం విడిచిపోయే శిక్ష. పక్కన నిలబడి పట్టుకోకుండా చూసినవాళ్లకీ అదే శిక్ష. ఇవాళ మనందరం పక్కన నిలబడ్డవాళ్లమే."

మర్నాడు పదింటికి రాన్‌వేగ్ ఇంట్లో ఫోను మోగలేదు. ఆవిడే చేసింది, ఎత్తలేదు. సోమవారం వేడినీటి తొట్టిలో గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పేవాడు లేడు. మిగతావాళ్లు ఎవరికి వాళ్లు తల ఎత్తి చూసుకున్నారు. రెండు రోజులుగా ఫిన్‌బోగి ఇంటి పొగ మాత్రం కనిపిస్తోంది. కిటికీ తెర తీయలేదు.

మంగళవారం ఉదయం నేను వెళ్లాను. దారి పొడుగునా ఏమనాలో అనుకుంటూ వెళ్లాను. తలుపు జానెడు తెరుచుకుంది. ఆయన గడ్డం గీసుకోలేదు.

"ఫిన్‌బోగి, బాగున్నావా?" అన్నాను. ఆ మాటే వచ్చింది నా నోటికి.

"బాగున్నాను, ఏదీస్. థాంక్స్" అని తలుపేసేశాడు.

ఆయన నోట ఆ జవాబు వినడం ఎంత భయంగా ఉందో చెప్పలేను. నేను మెట్టు మీదే నిలబడిపోయాను. ఇంతలో రాన్‌వేగ్ ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆవిడ దిగి, నన్ను పక్కకి జరిపి, పిడికిలితో తలుపు బాదింది.

"ఏయ్ ముసలోడా, చొక్కా లేదోయ్ వాళ్లకి. నువ్వనేదే నిజం. నిన్న నాలుగు ఫైళ్లూ మళ్లీ చదివాను. పన్నెండేళ్లు పొరబడ్డాను."

ఆవిడ మళ్లీ బాదింది.

"ఎలుగుతోలు మాట చేతగానివాళ్లు పుట్టించింది. వింటున్నావా? తోడేలు తోలు సంగతి కూడా ఒట్టిదే."

తలుపు జానెడు తెరుచుకుంది. "తోడేలు తోలు సంగతి ఒట్టిదని ఎవరన్నారు?" అంది లోపలి గొంతు.

"నేనంటున్నాను."

"దానికి సాక్ష్యాలున్నాయి రాన్‌వేగ్. పన్నెండేళ్లు వాటితోనే కదా నన్ను చావగొట్టావు."

"అవన్నీ తప్పు."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆయన మేజోళ్లతోనే మంచులోకి వచ్చేశాడు. "తప్పెలా అవుతాయి? నువ్వే పట్టుకొచ్చావు కదా ఆ పాత రాతిమీది బొమ్మ, ఎలుగు తలకాయతో..."

ఈలోగా పోలీసు కారు వచ్చింది. ఆ రోజు బుధవారం కాదు. అందులోంచి పోలీసుతో పాటు పాస్టరమ్మ, మీరెక్, దుకాణానికి తాళం వేసి వచ్చిన స్టెయినోల్ఫ్ దిగారు. వెనక కారులో నర్సు, ఇంకా ఎవరెవరో. అందరం వంటింట్లో కూర్చున్నాం. కప్పులు చాలక మీరెక్ కొలత గ్లాసులో కాఫీ తాగాడు. ఫిన్‌బోగి పొయ్యికి ఆనుకుని, తడి మేజోళ్లతో, ఇంతమంది ఒకేసారి ఎందుకొచ్చారో అర్థంకాక నిలబడ్డాడు. గాలి గురించి మాట్లాడబోయాడు.

"గాలి సంగతి తర్వాత" అన్నాడు స్టెయినోల్ఫ్. బల్లమీద గరిటతో కొట్టాడు. "మేమంతా ఒక మాట మీదికి వచ్చాం. పాత పక్షాలు వదిలేశాం. అందరం ఒకటే అంటున్నాం."

"ఏమని?" అన్నాడు ఫిన్‌బోగి.

"చొక్కా లేదని."

ఆయన ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. పాస్టరమ్మని, పోలీసుని, మీరెక్‌ని, నన్ను. ఆఖరికి రాన్‌వేగ్‌ని. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ ఆయన వైపు చూడలేదు.

"తొమ్మిది మందీనా?" అన్నాడు.

"తొమ్మిది మందీ."

ఆయన మెడ నిటారుగా అయింది. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఎండు చేప అనుకున్నవాడు కాస్తా పొయ్యి ముందు అడ్డంగా నిలబడి, మూడు రోజుల గడ్డంతో, నిజంగానే ఎలుగుబంటిలా కనిపించాడు.

"అక్కడే మీరంతా పొరబడ్డారు" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటిదాకా సాగింది. మధ్యలో స్టెయినోల్ఫ్ వెళ్లి రొట్టె, పొగపెట్టిన మాంసం తెచ్చాడు. ఫిన్‌బోగి ఒక్కడే తొమ్మిది మందికీ జవాబు చెప్పాడు. రాన్‌వేగ్ తన పాత సాక్ష్యాలన్నీ ఆయన నోట విని, ఒక్కొక్కదాన్నీ తనే ఖండించింది. రెండుసార్లు ఖండించలేకపోయింది. అప్పుడు ఆవిడ ముఖం చూడాలి.

అందరూ వెళ్లాక గ్లాసులు కడగడానికి నేను ఆగాను. నా వ్యాసం చివరి అధ్యాయం ఇంకా మిగిలి ఉంది. జీవితమంతా ఆ మాటతో బతికిన మనిషి అభిప్రాయం అందులో ఒక్క వాక్యం పెట్టాలనిపించింది.

"ఫిన్‌బోగి, ఇక్కడ ఇంకెవరూ లేరు. నిజం చెప్పు. అసలు నీ ఉద్దేశం ఏమిటి? తోలా, బోసా?"

ఆయన తుండుగుడ్డ భుజాన వేసుకుని కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ముందు నువ్వు నీది చెప్పు" అన్నాడు. "అప్పుడు నాది చెబుతాను."